పరిగ్రహము – పరిమితి

సంగ్రహించుట ప్రాణికి సహజము. చీమ వానకారు రాకమునుపే గింజలను పుట్టలోనికి చేర్చును. తేనెటీగ పూవు పూవునకు తిరిగి పట్టును నింపును. మానవుడు ధాన్యమును గాదెలోను, ధనమును పెట్టెలోను, విద్యను తాళపత్రములలోను దాచుకొనెను. కాలము మారినది. నేడతడు దాచుకొను గాదె అరచేతిలో ఇమిడిపోవుచున్నది. బంధువుల ఛాయాచిత్రములు, పెద్దల కంఠస్వరములు, బ్యాంకు లెక్కలు, రైలు టికెట్లు, దర్శనపు టికెట్లు, స్తోత్రములు, ప్రవచనములు అన్నియు సెల్‌ఫోనను ఆ ఒక్క పరికరమునందే ఉన్నవి. అట్లుండగా ఒకనాడు దాని తెరపై చిన్న వాక్యమొకటి కనబడును. చోటు చాలదనియు, కొన్నిటిని తొలగింపవలసినదనియు దాని సారాంశము.

ఆ వాక్యము యంత్రము పలికినదే యైనను, అది వేయు ప్రశ్న యంత్రమునకు సంబంధించినది కాదు. ఏది ఉంచుకొనవలెను? ఏది విడువవలెను? ఒకని చోటును మరియొకడు నింపుటకు అధికారమెక్కడిది? ఇవి ధర్మమునకు సంబంధించిన ప్రశ్నలు. ఇంటింట ప్రతి దినము ఎదురగుచున్నవి గనుక విచారింపదగినవి.

చోటు యొక్క స్వరూపము

ఈ పరికరములలో చోటును కొలుచుటకు వాడుకలోనున్న చిన్న ప్రమాణము బైటు. వేయి బైట్లు ఒక కిలోబైటు. పది లక్షల బైట్లు ఒక మెగాబైటు. నూరు కోట్ల బైట్లు ఒక గిగాబైటు. నేడు సర్వత్ర వాడుకలోనున్న యూనికోడ్ పద్ధతిలో తెలుగు వ్రాతను దాచునపుడు ఒక్కొక్క చిహ్నమునకు సాధారణముగా మూడు బైట్లు పట్టును. గుణింతపు గుర్తులును, వత్తును సూచించు గుర్తును వేరువేరుగా లెక్కకు వచ్చును. ఆ లెక్కన 'శ్రీ' అను అక్షరమునకు 12 బైట్లు, 'గోవిందా' అను నామమునకు 21 బైట్లు చాలును.

పూర్వము ఈ చోటు ఎంత దుర్లభమో తలచిన ఆశ్చర్యము కలుగును. 1956లో ఐ.బి.ఎం. సంస్థ నిర్మించిన రామాక్ అను యంత్రమున 50 పెద్ద పళ్ళెములు ఒకదానిపై నొకటి తిరుగుచుండెడివి. దాని బరువు దాదాపు ఒక టన్ను. అందు ఇమిడినది 50 లక్షల అక్షరములు మాత్రమే. నేటి ఫోను తీయు ఒకటి రెండు ఛాయాచిత్రములకే ఆ చోటు నిండిపోవును. 2008లో వెలువడిన మొదటి ఆండ్రాయిడ్ ఫోనులో లోపలి చోటు 256 మెగాబైట్లు. నేడు సామాన్యముగా దొరకు 128 గిగాబైట్ల ఫోనులో అంతకు 500 రెట్లు చోటున్నది. అయినను నాడు వినిపించిన 'చాలదు' అను మాటయే నేడును వినిపించుచున్నది. పాత్ర 500 రెట్లు పెరిగినను కొరత తీరలేదనిన, లోపము పాత్రలోనే యున్నదని చెప్పుటకు వీలులేదు.

బరువు పెరుగుటకు కారణము

యాప్ అనగా ఒక పనికై ఫోనులో చేర్చుకొను పనిముట్టు. టికెట్టు తీసికొనుటకొకటి, డబ్బు పంపుటకొకటి, బంధువులతో మాటలాడుటకొకటి. పని చిన్నదైనను పనిముట్టు ఏల ఇంత బరువైనది? చిన్న తెరలకును పెద్ద తెరలకును తగినట్లు ఒకే బొమ్మను పలు పరిమాణములలో అందుంతురు. పాత యంత్రములకు, కొత్త యంత్రములకు వేరువేరు ఆదేశములను చేర్తురు. స్వల్పమైన అవసరమునకై, ఇతరులు సిద్ధము చేసియుంచిన పెద్ద సామగ్రిని యథాతథముగా తెచ్చి కలుపుదురు. ప్రకటనలు చూపుటకు, వాడుకరి ఏమి చేయుచున్నాడో గమనించుటకు మరికొంత సామగ్రి చేరును. ఈ చివరిదానివలన లాభము నిర్మాతకే గాని వాడుకరికి కాదు. ఒక మేకు కొట్టుమని పిలిచిన వడ్రంగి తన కొట్టునంతయు బండిమీద తెచ్చి ఇంటి వసారాలో దింపినట్లున్నది ఈ వ్యవహారము.

డౌన్‌లోడు చేసికొనునపుడు కనబడు పరిమాణము మొదటి మెట్టు మాత్రమే. అది మడత పెట్టిన వస్త్రము వంటిది. ఫోనులో స్థిరపడునపుడు మడత విప్పుకొని మరింత చోటు ఆక్రమించును. పిదప దినదినము తాను చూపిన బొమ్మలను, దృశ్యములను 'కాష్' అను పేరుతో మిగుల్చుకొనుచు పెరుగును. ఫోనును నడపు మూలవ్యవస్థ ముందుగానే తన భాగమును తాను తీసికొని యుండును. కావున పెట్టెపై అచ్చువేసిన సంఖ్య వేరు, గృహస్థునకు చేతికందు చోటు వేరు.

ఆపిల్ సంస్థ తన యాప్ అంగడిని 2008లో తెరచినపుడు, మొబైల్ డేటా ద్వారా డౌన్‌లోడు చేసికొనుటకు 10 మెగాబైట్ల హద్దు విధించెను. ఆ హద్దు 2010లో 20, 2012లో 50, 2013లో 100, 2017లో 150, 2019లో 200 మెగాబైట్లయినది. పదునొకండు సంవత్సరములలో ఇరువది రెట్లు. గూగుల్ సంస్థయును ఆండ్రాయిడ్ యాప్‌ల మూలభాగమునకున్న 50 మెగాబైట్ల హద్దును 2015లో 100కు పెంచెను. హద్దు పెరిగిన కొలది బరువును పెరిగినది. తూము ఎంత వెడల్పైన నీరంత పారును.

నిర్మాత ధర్మము

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. చోటు ఏటేట చవుకయగుచున్నది గదా, చాలని వాడు పెద్ద ఫోను కొనుక్కొనవచ్చును గదా, ఇందు ధర్మాధర్మముల ప్రసక్తి ఏమున్నదని కొందరందురు. ఆక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. చవుకయైనది వాస్తవము. కాని ఎవరికి చవుక? నగరమున కూర్చుండి యాప్‌ను నిర్మించువాని చేతిలో సరికొత్త ఫోనుండును. కూలికి పోవు స్త్రీ చేతిలో ఆరేండ్ల క్రిందటిది, పట్టణమున నున్న కుమారుడు వాడి విడిచినది ఉండును. నిర్మాతకు నలువది మెగాబైట్లు లెక్కలోనికి రానివి. ఆమెకు అవి మనుమని బారసాల నాటి ఛాయాచిత్రములు.

అంతియే కాదు. అక్కరలేని వస్తువును అంగడిలో విడిచి రావచ్చును. కాని చెల్లింపులు, టికెట్లు, విద్యార్థుల దరఖాస్తులు, వైద్యశాలల వేళలు నేడు చాలవరకు ఫోను ద్వారానే జరుగుచున్నవి. వద్దని విడువలేనిదానిని ఇచ్చునపుడు ఇచ్చువాని బాధ్యత ద్విగుణమగును. యోగశాస్త్రము చెప్పిన అయిదు యమములలో అస్తేయము మూడవది, అపరిగ్రహము అయిదవది. అస్తేయమనగా పరుల సొత్తును అపహరింపకుండుట. సొత్తు ధనరూపముననే ఉండనక్కరలేదు. ఒకని కాలము అతని సొత్తు, ఒకని చోటు అతని సొత్తు. అవసరమునకు మించి వానిని తినివేయుట సూక్ష్మమైన స్తేయము కాదని చెప్పుట కష్టము.

బరువు తగ్గించుట అసాధ్యమా? కాదు. 2015లో ఫేస్‌బుక్ సంస్థ బలహీనమైన ఫోనులకొరకై విడుదల చేసిన 'లైట్' యాప్ ఒక మెగాబైటుకు లోబడియుండెను. ఒక్కొక్క ఫోనునకు దానికి కావలసిన భాగమును మాత్రమే పంపు పద్ధతిని గూగుల్ 2018లో ప్రవేశపెట్టి, 2021 ఆగస్టు నుండి కొత్త యాప్‌లకు దానిని విధిగా చేసెను. యాప్ పరిమాణము ప్రతి 6 మెగాబైట్లు పెరిగిన కొలదియు దానిని చేర్చుకొనువారి శాతము ఒకటి చొప్పున తగ్గుచున్నదని 2017లో ఆ సంస్థయే ప్రకటించెను. తలుపుకడకు వచ్చి బరువు చూచి వెనుదిరిగినవారే ఆ తగ్గినవారు. వారి ముఖములు నిర్మాతకు కనబడవు. కనబడనివారి కష్టమును తలచుకొనుటయే ధర్మమునకు పరీక్ష.

పంపువాని ధర్మము

నిర్మాతలను తప్పుపట్టి గృహస్థులు తృప్తిపడుట తగదు. 2018 జనవరిలో ఒక అమెరికా పత్రిక భారతదేశపు ఫోనుల గురించి ఒక విశేషమును ప్రకటించెను. ఈ దేశమున ముగ్గురిలో ఒకరి ఫోనులో ప్రతిదినము చోటు నిండిపోవుచున్నదట. అమెరికాలో పదిమందిలో ఒకరికే ఈ ఇబ్బంది. కారణమును వెదకిన గూగుల్ పరిశోధకులకు కనబడినవి వేకువనే ఒకరికొకరు పంపుకొను శుభోదయపు బొమ్మలు. వానిని గుర్తించి తొలగించు సదుపాయమును ఆ సంస్థ ప్రత్యేకముగా కల్పింపవలసివచ్చెను.

లెక్క వేసి చూడవచ్చును. ఒక్కొక్క బొమ్మ 200 కిలోబైట్లనుకొని, కుటుంబ బృందములు, మిత్ర బృందములు, ఉద్యోగ బృందములు కలసి దినమునకు 50 బొమ్మలు వచ్చిననుకొన్నను, సంవత్సరమునకు 18,250 బొమ్మలగును. అవి ఆక్రమించు చోటు మూడున్నర గిగాబైట్లకు పైమాట. పంపినవాని ఉద్దేశము మంచిదే. కాని శుభాకాంక్షకు లక్షణమేమి? ఎవరిని తలచి పంపబడినదో వారికి అందుట. నూరుగురికి ఒక్కమారుగా పంపిన బొమ్మ ఏ ఒక్కరిని తలచినది? పెరుగు తోడు వేయగోరిన పొరుగింటికి కుండెడు మజ్జిగ మోసికొనిపోయినవాడు దాత యనిపించుకొనడు. పంపుటకు ముందు ఇది వారికి కావలెనా, వారు చూతురా, చూచి ఉంచుకొందురా అని మూడు ప్రశ్నలు వేసికొనినచో సగము బరువు పంపువాని చేతిలోనే తగ్గును.

దేవతామూర్తుల చిత్రములు

ఈ బొమ్మలలో అధికభాగము దేవతామూర్తుల చిత్రములగుటచే ఆస్తికుల గృహములలో మరియొక సంశయము కలుగుచున్నది. శ్రీనివాసుని చిత్రమును, శ్రీరామ పట్టాభిషేక చిత్రమును వ్రేలితో నొక్కి తొలగించుట అపచారము కాదా యని వృద్ధులు భయపడుదురు. తొలగింపలేరు, ఉంచుకొనలేరు. మనుమడు పిలిచి దాచుకొనుమని చెప్పిన వీడియో చేరదు. సంశయము చిన్నదిగా తోచినను, దాని వెనుకనున్న భక్తి చిన్నది కాదు. కావున దానికి పరిహాసము సమాధానము కానేరదు.

ఆలయ సంప్రదాయమును చూచిన సమాధానము దొరకును. తిరుమలలో సుప్రభాతము పిదప శుద్ధి జరుగును. అనగా మునుపటి దినపు పూలమాలలను స్వామి దివ్యమంగళ విగ్రహము నుండి తొలగింతురు. తరువాతనే తోమాలసేవలో కొత్త మాలలను సమర్పింతురు. నిన్నటి మాల స్వామిని స్పృశించినదే, పరిమళించినదే. అయినను దానిని నేడుంచరు. దానికి నిర్మాల్యమని పేరు. తొలగించుట అచట అపచారము కాదు, సేవలో భాగము. శాస్త్రోక్తముగా ఆవాహనము చేసిన కలశమునకే పూజాంతమున ఉద్వాసన కలదు. ప్రతిష్ఠ గాని, ఆవాహనము గాని లేని ఫోను చిత్రము విషయమున చెప్పనేల? దానిని చూచి నమస్కరించిన క్షణముననే దాని ప్రయోజనము నెరవేరినది. అపచారమేదైన ఉన్నచో అది తొలగించుటలో లేదు. కన్నెత్తి చూడని వేయి చిత్రములను కుప్పగా పోయుటలో ఉన్నది. మనస్సునకు నచ్చిన మూర్తి నొకదానిని ఉంచుకొని, ప్రతి ఉదయము దానిని చూచుట ఉత్తమము.

గృహస్థు గాదె

అట్లైన అన్నిటిని విడుచుటయే ధర్మమా? భాగవతమున అవధూత తేనెటీగను గురువుగా చెప్పెను. కూడబెట్టిన తేనెతోబాటు ఈగయును నశించును గనుక యతి కూడబెట్టరాదని దాని భావము. అది యతికి చెప్పిన మాట. గృహస్థునకు గాదె ఉండవలెను. అతిథి వచ్చును, కరవు వచ్చును, విత్తుకాలము వచ్చును. గాదె లేని గృహస్థు పరులను యాచింపవలసినవాడగును. కావున గృహస్థునకు అపరిగ్రహమనగా దాచకుండుట కాదు. దాచదగినదానినే దాచుట, దాచినది ఎందుకో ఎరిగియుండుట.

దీనికి మహోదాహరణము తాళ్ళపాకవారు. అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన కుమారులు పెద తిరుమలాచార్యుల కాలమున రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున సంకీర్తన భాండారమున భద్రపరచిరి. రాగి విలువైనది. చెక్కుట శ్రమతో కూడినది. ఒక్కొక్క అక్షరమునకు వ్యయమున్నపుడు ఏది చెక్కదగినదో ముందుగా నిశ్చయింపవలెను. ఆయన రచించినవి 32,000 సంకీర్తనలని ప్రతీతి. లభించినవి 12,000కు పైబడినవి. శతాబ్దములు గడచినను ఆ రేకులవలననే ఆ పదములు నేడు ప్రజల నోట వినబడుచున్నవి. సంగ్రహము ధర్మమైనపుడు దాని ఫలమిట్లుండును.

ఇంకొక లెక్క చూడదగినది. సంకీర్తన యొక్కంటికి 3,000 బైట్ల చొప్పున వేసికొన్నను, ప్రతీతిలోనున్న 32,000 సంకీర్తనలును 96 మెగాబైట్లలో ఇమిడిపోవును. ఒక మహాపురుషుని జీవితకాలపు సాహిత్యము ఒక సామాన్యమైన యాప్ కంటె తక్కువ చోటులో నిలుచును. బరువునకును విలువకును సంబంధము లేదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

మరల లభించునది – లభింపనిది

ఇక చోటు చాలనపుడు గృహస్థు చేయవలసిన నిర్ణయము. సామాన్యముగా జరుగునది ఇది. ఒక వృద్ధుడు యాత్రకు బయలుదేరుచుండును. ఒక యాప్ చేర్చుకొనక తప్పదు. ఫోనులో చోటు లేదు. వెనుక వరుసలో జనము నిలిచియున్నారు. పక్కనున్నవాడు ఫోను అందుకొని, పెద్దవిగా కనబడిన వీడియోలను నాలుగింటిని తొలగించి పని ముగించును. ఇంటికి చేరిన పిదప తెలియును, అందొకటి గతించిన భార్య తులసికోట యొద్ద పాడిన పాటయని. యాప్ వేయిమార్లు మరల వచ్చును. ఆ పాట ఒక్కమారైనను రాదు.

ఈ తొందరలో మరుగునపడిన భేదమొక్కటే. ఫోనులోనున్నవి రెండు తరగతులు. మరల లభించునవి, మరల లభింపనివి. యాప్‌లు, చలనచిత్రములు, ఊరంతయు పంచుకొన్న బొమ్మలు మొదటి తరగతి. పెద్దల స్వరములు, పిల్లల బాల్యము, చేతివ్రాత ఉత్తరముల నకళ్ళు, భూమి పత్రముల ఛాయలు రెండవ తరగతి. చోటు చాలనపుడు మొదటి తరగతియే వైదొలగవలెను. ఫోనులును ఈ భేదమునకు కొంత సాయపడుచున్నవి. చాలకాలము వాడని యాప్‌ను తొలగించి, అందలి వాడుకరి సమాచారమును మాత్రము నిలుపు సదుపాయము ఆపిల్ ఫోనులకు 2017లోను, అటువంటిదే ఆండ్రాయిడ్ ఫోనులకు 2023లోను వచ్చినది. మరల అవసరమైనపుడు యాప్‌ను రప్పించుకొన్నచో పని ఎచట ఆగినదో అచటి నుండి సాగును.

రెండవ తరగతికి చెందినది ఒక్కచోటనే ఉండుట క్షేమము కాదు. పూర్వము ఇంటిలో ప్రమాణగ్రంథమున్నచో దానికి మరియొక ప్రతి వ్రాయించి వేరొక ఇంట ఉంచెడివారు. చెదలు పట్టినను, నిప్పు అంటుకొన్నను ఒకటి మిగులునని వారి ఆలోచన. ఫోను నీటిలో పడవచ్చును, పోవచ్చును, పాడుకావచ్చును. కావున అపురూపమైన దానికి మరియొక పరికరమున ప్రతిని నిలిపి, కావలసిన ఛాయాచిత్రములను కాగితముపై ముద్రించుకొనుట వివేకము. ఈ పనిలో యువకులు పెద్దలకు తోడ్పడవలెను. తండ్రి ఫోనును శుభ్రము చేయు కుమారుడు తానై తొలగింపక, ఒక్కొక్కటి చూపి, అడిగి, ఆయన చెప్పినట్లు చేయవలెను. తనకు చెత్తగా తోచినది తండ్రికి నిధి కావచ్చును.

హృదయమను భాండారము

కడపటి మాట యొకటి. దాచుట వేరు, జ్ఞాపకముంచుకొనుట వేరు. ఫోనులో పదివేల ఛాయాచిత్రములున్నవాడు తాను చూచిన క్షేత్రములోని గోపురపు శోభను వర్ణింపలేకపోవచ్చును. అతడు అచట నిలిచినంతసేపు తెరనే చూచెను. తరువాత చూతమని దాచినది తరువాత చూడబడదు. ఇంతకు మునుపటి తరమున అక్షరజ్ఞానము లేని ముత్తైదువయు విష్ణు సహస్రనామమును కంఠస్థము చేసి, దీపము పెట్టువేళ పుస్తకము లేకయే పఠించెడిది. ఆమెకు చోటు చాలకపోవుట అనునది లేదు. ఎంత చేర్చిన అంత విశాలమగునది, పంచిన కొలది తరగనిది ఆ భాండారమొక్కటే.

నెలకొకమారు ఇల్లు కడిగి ముగ్గు పెట్టుకొన్నట్లే ఫోనును కుదుట పెట్టుకొనవచ్చును. చూడని బొమ్మలను విడువవలెను. వాడని యాప్‌లను విడువవలెను. మరల రానివానిని రెండు చోట్ల భద్రపరచవలెను. పరుల ఫోనునకు బరువు పంపుటకు ముందు ఒక క్షణము నిలువవలెను. యాప్‌లను నిర్మించు వృత్తిలో బిడ్డలున్న గృహములు నేడు తెలుగునాట అనేకము. ఆ ఇండ్ల పెద్దలు తమ బిడ్డలకు ఒక మాట చెప్పవచ్చును. మీరు నిర్మించినదానిని మీ ఇంటిలోని పాత ఫోనులో ఒకమారు చేర్చి చూడుడని. అది ఆ ఫోనులో సుఖముగా ఇమిడినచో, వారెన్నడును చూడని అనేకుల చేతులలోను ఇముడును.